చదివి వినిపించే లాప్‌టాప్

"ఎవర్నడిగి వచ్చినవ్ ఈడికి?"

షాపు అద్దాల తలుపు తోసుకుని వస్తూనే ధర్మేందర్ అన్న మాట అది.

కౌంటర్ దగ్గరున్న మంజుల వెనక్కి తిరిగింది. "ఫోన్ల చెప్పిన గదా, సాగర్ రోడ్డు మీది షాపుల ఉన్నమని. నువ్వు గూడ చూస్తే తీసుకుందమని పిలిచిన."

"లాప్‌టాపే కావాలంటే సిటీకి పోదుము. ఇబ్రహీంపట్నంల ఏముంటది? నడువుండ్రి."

మంజుల కదల్లేదు. పక్కనే స్టూలు మీద పదకొండేళ్ళ కూతురు అంకిత కూర్చుని ఉంది. ఎదురుగా లాప్‌టాప్‌లో తెలుగు పాఠం తెరిచి ఉంది. అది ఒక్కొక్క మాటే పైకి చదువుతోంది. చదివిన మాట మీద పసుపు రంగు పడుతోంది. ఆ రంగు వెంట వేలు నడిపిస్తూ అంకిత కూడా గొంతు కలుపుతోంది. తన పేరు రాయమంటేనే అక్షరాలు తారుమారు చేసే పిల్ల, ఇవాళ పేజీలో సగం దాటింది. డిస్లెక్సియా అని డాక్టర్ చెప్పినప్పటి నుంచీ మంజుల ఇంట్లో పోరుతున్నది దీని కోసమే.

"జర సేపు విను," అంది మంజుల భర్తతో. "మనం మాట్లాడితే అదే రాస్తది గూడ. పిల్లకు తెలివి లేక కాదు, అక్షరం కాడ ఆగిపోతది అంతే. డాక్టర్ గిసొంటిదే ఇప్పియ్యమన్నడు."

"డాక్టర్లకేం, చెప్తరు. దానికున్నది బద్ధకం. గివన్నీ కొనిస్తే ఇగ పుస్తకమే ముట్టది. రెండు తగిలిస్తే అదే చదువుతది."

అంకిత వేలు ఆగిపోయింది. లాప్‌టాప్ మాత్రం చదువుకుంటూ పోతూనే ఉంది.

"పిల్ల ముందట గట్ల మాట్లాడకు," అంది మంజుల.

"సరే, మాట్లాడ. లే అంకితా, పోదాం." ధర్మేందర్ పిల్ల భుజం పట్టుకున్నాడు. అతనికి ఏదో తొందరగా ఉంది.

అప్పుడే లోపలి గదిలోంచి కొత్త పెట్టె పట్టుకుని రేణుక వచ్చింది. ఇందాకటి నుంచి ఓపిగ్గా అన్నీ చూపించిన సేల్స్ అమ్మాయి. ధర్మేందర్‌ని చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"అన్నా, మీరా? ఈ అక్క మీ ఇంటామెనా? ముందుగాల చెప్తే అయిపోతుండె గదక్కా. నేను మీకు గింత చెప్పే పనే లేకుండె. అన్నకు దీని గురించి అంతా ఎరుకే. పోయిన ఎండకాలం బాబుకు ఇదే తీసుకపోయిండు. ఆ బాబుకు గూడ గిదే ఇబ్బంది గదా. అక్షరాలు పెద్దగ ఎట్ల చేయాలె, చదివే గొంతు మెల్లగ ఎట్ల పెట్టాలె, అన్నీ ఈడ్నే కూసొని నేర్చుకున్నడు." ఆమె ధర్మేందర్ వైపు తిరిగింది. "ఎట్ల చదువుతుండన్నా రితేష్?"

ధర్మేందర్ పిల్ల భుజం మీది చెయ్యి తీసేశాడు.

"ఏ బాబు?" అంది మంజుల.

రేణుక ఇద్దరి ముఖాలూ చూసింది. "అదే... ఈ అన్న కొడుకు," అని మెల్లగా అని, పెట్టె కౌంటర్ మీద పెట్టి పక్కకు తప్పుకుంది.

"తెలిసినోళ్ళ పిల్లగాడు," అన్నాడు ధర్మేందర్. "ఇంటికాడ మాట్లాడుదాం."

"నాకు తెల్వని తెలిసినోళ్ళెవరు నీకు?"

"చెప్తున్న గదా, ఇంటికాడ..."

"వాడు నిన్నేమని పిలుస్తడు?"

అతను తల వంచుకున్నాడు. ప్లాట్ల వెంచర్ పని అంటూ బడంగ్‌పేట్‌లో ఉండిపోయిన రాత్రులన్నీ మంజులకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. వేరే ఇల్లు ఉన్నందుకు ఏడవాలో, వేరే బిడ్డ ఉన్నందుకు ఏడవాలో ఆమెకు తెలియలేదు. నోట్లోంచి వచ్చిన మాట మాత్రం వేరే.

"వానికైతే గొంతు మెల్లగ పెట్టిచ్చినవ్. దీనికైతే రెండు తగిలియ్యాల్నా?"

"నెమ్మదిగ మాట్లాడు, అందరు చూస్తుండ్రు. వాని తల్లి ఊకోలేదు. ఏం చెయ్యమంటవ్?"

"నేనేమన్న ఊకున్ననా ఇన్ని దినాలు?"

ధర్మేందర్ తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. బైకు స్టార్టయి, రోడ్డు మీది బస్సుల మోతలో కలిసిపోయింది.

మంజుల కొంగుతో ముఖం తుడుచుకుంది. "బిల్లు రాయి చెల్లె, ఇదే తీసుకుంట," అంది రేణుకతో. తర్వాత స్టూలు పక్కన వంగి, కూతురి తల గుండెకు అదుముకుంది. ఈ లోకంలో తనను మోసం చెయ్యని మనిషి ఈ ఒక్కతే మిగిలిందనుకుంది.

"నువ్వేం భయపడకు బిడ్డా. నీకు ఇయ్యన్నీ తెల్వయి. ఇగ మనిద్దరమే."

అంకిత చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక కూడా అమ్మ కళ్ళలోకి చూడలేదు.

"అమ్మా, రితేష్‌ను మాత్రం ఏమనకు. వాడు నన్ను అక్కా అని పిలుస్తడు."