ఒకే ఈత పిల్లలు

పశువుల డాక్టర్ అట్టపెట్టె తెరిచాడు. లోపల రెండు మగ కుందేళ్ళు. ఒకే ఈత పిల్లలు. చెరో మూలకీ మూతి తిప్పుకుని కూర్చున్నాయి. పెద్దదాని చెవికి గాటు. చిన్నదాని నడుం మీద బొచ్చు ఊడి బోడిగా ఉంది.

తెచ్చిన పెద్దమనిషి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“చిన్నప్పుడు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయేవండి. ఈమధ్యే పట్టుకుంది ఈ రోగం.”

“రోగం కాదు, వయసు. ఇది నాదీ అది నాదీ అనడం వచ్చింది. దానికి బడికెళ్ళక్కర్లేదు.”

“ఒకదాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నానండి. మా అమ్మే ఒప్పుకోవట్లేదు.”

“అబ్బో, పెద్దవాళ్ళ మాట వినే అలవాటుందన్నమాట తమరికి!”

“అందరికీ ఉండదు కదండీ.”

డాక్టర్ గాటు చూశాడు. “ముందు ఏది కరిచింది?”

“పెద్దదే.” ఆలోచించనైనా ఆలోచించలేదు.

“చిన్నది గెలక్కుండా పెద్దది కరవదు.”

“మీరు చూశారా?”

“మీరు చూశారా?”

కొత్త కాంపౌండర్ దూది పట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కరుచుకున్నవి కుందేళ్ళు. వీళ్ళకేం నొప్పో అతనికి అంతుపట్టలేదు.

“మధ్యలో అట్ట అడ్డం పెట్టానండి. ఇప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉంది.”

“శ్మశానమూ ప్రశాంతంగానే ఉంటుంది. అట్ట తీసేసి జాలీ పెట్టండి. ఒకదానికొకటి కనబడాలి, వాసన తగలాలి. వాసన మరిచిపోయిందా, ఇక అది తోబుట్టువు కాదు, పరాయిది!” డాక్టర్ గొంతు లేచింది. తోబుట్టువుల అనురాగం మీద ఆయనకంత పట్టు మరి. “గాటు మానగానే రెంటికీ ఒకే రోజు వృషణాలు తీసే ఆపరేషన్. ఒకే పెట్టెలో తీసుకురండి. పొగరు దిగేదాకా జాలీకి అటొకటీ ఇటొకటీ. ఆ తర్వాత రెంటిలో దేనిదీ కాని చోట వదిలి, పక్కనే కూర్చోండి. ఒకటి తల వంచుతుంది. రెండోది నాకుతుంది. అంతే.”

“ముందు ఏది వంచాలండి?”

డాక్టర్ పెద్దదాని చెవి చేతిలోకి తీసుకున్నాడు. చెవికి మందు రాస్తూ ఉండిపోయాడు. అంత చెవికి అంత మందు అక్కర్లేదు.

“ఇచ్చేయకండి,” అన్నాడు చివరికి, తలెత్తకుండా. “విడదీయడం ఎవడైనా చేస్తాడు. కలపడమే మన తాతల వల్ల కాదు.”

పెద్దమనిషి పెట్టె చంకన పెట్టుకున్నాడు. గుమ్మంలో వెనక్కి తిరిగాడు.

“సరే, ఇవ్వను. ఆపరేషన్‌కి రెంటినీ తెస్తా.”

మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

“ఎవరండీ ఆయన?” అన్నాడు కాంపౌండర్.

“కుందేళ్ళాయన.”

డాక్టర్ చేతులు కడుక్కుంటుండగా ఫోన్ మోగింది.

“ఏరా పెద్దోడా,” అంది అవతలనుంచి తల్లి, “మీ నాన్న పోయిన ఇన్నేళ్ళకి తమ్ముడు నీ గడప తొక్కితే, కూర్చోమని కూడా అనలేదటగా!”