మూడు చుట్లు

ట్రెవర్ బాగ్‌షాని డెస్ ఈ జన్మలో క్షమించడు.

నాటకానికి దర్శకుడు ట్రెవర్. ముఖ్యమైన తల్లి వేషం వాడి పెళ్లాం లోరెయిన్‌ది.

"ఆవిడకి మారుమనిషి దేనికిరా? జలుబు కూడా రాని మనిషి," అన్నాడు మొదటి రోజే.

తర్వాత రెండుసార్లు వాయిదా వేసి, నాటకాన్ని జూన్ ముప్పై మీదికి తెచ్చి పడేశాడు.

ఆ శనివారం మధ్యాహ్నం ఒంటిగంటంబావుకి వాడే ఫోన్ చేశాడు.

"వాగు పొంగిందిరా డెస్. రోడ్డు మీద నడుముల్లోతు నీళ్లు. మేం అవతలే ఉండిపోయాం."

"నిన్ననే ఊళ్లోకి వచ్చి పడుకోమన్నానా లేదా?"

"అన్నావు. లోరెయిన్‌కి తన మంచం మీద తప్ప నిద్ర పట్టదు."

డెస్ ఫోన్ ఠపీమని పెట్టేశాడు.

రెండింటికి తెర లేవాలి.

మిల్లాబిన్ ఊళ్లో ఆ హాలు ఉన్న స్థలం డెస్ తాతది. ఆయన రాసిన కాగితంలో ఒకటే షరతు. ఏటా జూన్ ముప్పై సాయంత్రం అయిదు లోపల ఒక్క నాటకమైనా పూర్తిగా ఆడాలి. పుస్తకం చూసి చదవడం కాదు, ఆడాలి. ఆడని ఏడు స్థలం ఊరి కౌన్సిల్‌కి పోతుంది.

కౌన్సిల్ అక్కడ కార్లు నిలిపే చోటు కడదామని ఎప్పుడో ప్లాను గీయించి పెట్టుకుంది. దాని గుమాస్తా అప్పుడే వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు.

"నువ్వే ఎక్కరా డెస్," అన్నాడు క్లైవ్, సగం మీసం అంటించుకుని. "గౌను నడుం దగ్గర కొంచెం పట్టేస్తుంది, అంతే."

డెస్ నవ్వలేదు. ఆరో క్లాసులో బడి మానినవాడు. నలభై పేజీల మాటలు నలభై నిమిషాల్లో ఎక్కడ నోటికొస్తాయి?

అప్పుడు వినపడింది, ఈల.

రెండు పొట్టి ఈలలు.

వేదిక వెనక అందరూ బిగుసుకుపోయారు. కూతురి వేషం కట్టిన టామ్సిన్ చెవులు మూసుకుంది. ఒకప్పుడు పైన తాళ్లు లాగేవాళ్లకి ఈలే సైగ. తప్పు ఈలకి తెర దూలాలు నెత్తిన పడేవి. ఇప్పటికీ అక్కడ ఈల అంటే నాటకం చెడినట్టే లెక్క.

వెనక తలుపులో ఒక ముసలావిడ నిలబడి ఉంది. కోటు నీళ్లోడుతోంది. చేతిలో గుడ్డసంచీ. పైకప్పు కింది తాళ్ల వైపు చూస్తోంది, అక్కణ్ణుంచి ఎవరో పలుకుతారన్నట్టు.

"ఎవరమ్మా నువ్వు? ఇక్కడ ఈల వేస్తావా?" డెస్ గొంతు చించుకున్నాడు.

"పొరపాటయింది నాయనా. పాత అలవాటు. నా పేరు..."

"పేరు ఎవడిక్కావాలి? టిక్కెట్లు ముందువైపు!"

"టిక్కెట్టుకి కాదు. మీ మాటలన్నీ వీధిలోకి వినపడ్డాయి. తల్లి వేషమేగా? అది నాకు కొంచెం వచ్చు."

"కొంచెం మా లోరెయిన్‌కీ వచ్చు," అన్నాడు క్లైవ్.

"ఒక్క పేజీ విను బాబూ. నచ్చకపోతే పోతాను."

డెస్ గోడ గడియారం వైపు చూశాడు. ఒంటిగంటా ముప్పై అయిదు.

"ఏ ఆశ్రమం నుంచి తప్పించుకొచ్చావో అక్కడికే పో పెద్దమ్మా. నా కొంప మునుగుతోంది ఇక్కడ!"

మోచెయ్యి పట్టుకుని బయటికి పంపాడు. గడియ వేశాడు.

టామ్సిన్ కిటికీ దగ్గరికి వెళ్లింది.

"డెస్, ఆవిడ వానలో గుండ్రంగా తిరుగుతోంది."

"చెప్పలా? బుర్ర సరిగా లేదు."

తలుపు మీద మూడుసార్లు తట్టిన చప్పుడు. మెల్లగా, మర్యాదగా.

"తియ్యనా?"

"తీశావంటే చూడు."

కాసేపాగి మళ్లీ మూడు. ఆ తర్వాత వాన చప్పుడే.

డెస్ ఊళ్లో పదకొండు మందికి ఫోన్లు చేశాడు. ఆ వేషం ఒక్కరికీ రాదు.

రెండున్నరకి తెర ముందుకొచ్చి, టోపీ చేతిలో నలుపుతూ, ఆట లేదన్నాడు. జనం గొడుగులు విప్పుకున్నారు. గుమాస్తా మాత్రం అయిదింటి దాకా కదలనన్నాడు.

టామ్సిన్ వేషం విప్పకుండా మెట్ల మీదే కూర్చుంది.

"డెస్..."

"ఏంటి?"

"ఈల వేసినవాళ్లు బయటికెళ్లి మూడు చుట్లు తిరిగి, తలుపు తట్టి, రమ్మనేదాకా ఆగాలి. మన ఆచారం మనకి తెలుసు. ఆవిడకెవరు చెప్పారు?"

డెస్ లేచి పరిగెత్తి తలుపు తీశాడు.

గడప ముందు గుడ్డసంచీ పెట్టిన చోటు నలుచదరంగా, ఇంకా తడి తక్కువగా ఉంది.

సందు మలుపులోంచి ఎడ్నా వచ్చింది. హాలులో టీ అమ్మే మనిషి, ఎనభై ఏళ్లది. ఆయాసపడుతోంది.

"ఎర్నీ కూతుర్ని వానలో నిలబెట్టిందెవడ్రా?"

"ఏ ఎర్నీ?"

"మీ తాత రోజుల్లో పైన తాళ్లు లాగేవాడు. ఈ హాల్లో ఈల వేసే హక్కు ఆ పిల్లకొక్కదానికే ఉండేది. అది కింద నుంచి రెండు వేస్తే వాడు పైనుంచి రెండు వేసేవాడు. ఇందాక బస్సెక్కుతూ హాలు వైపు తిరిగి వేసింది. అప్పటిదాకా నేనూ పోల్చుకోలేదు."

"ఏ బస్సు? ఎటు?"

"మూడింటి పట్నం బస్సు. అది దాటగానే ఆ దారిలో వంతెన కూడా మునిగిందిరా."

డెస్ హాలు ముందుగదిలోకి నడిచాడు. అక్కడ గోడ మీద పెద్ద ఫోటో. రోజూ పొద్దున్నే చొక్కా చేత్తో తను తుడిచేదే.

అయిదింటికి గుమాస్తా గడియారం చూసుకుని కలం మూత తీశాడు.

ఇదే వేదిక మీద ఇదే నాటకంలో పందొమ్మిదేళ్లకి కూతురి వేషం కట్టి, తర్వాత లండన్‌లో తల్లి వేషం ఆరువందల ఆటలు ఆడి, సినిమాలోనూ ఆ తల్లే అయిన ఎర్నీ కూతురు నెరిడా క్వేల్ ఆ ఫోటోలోంచి చూస్తుండగా, డెస్ తన పావు ఎకరం పదకొండు గజాల స్థలం కౌన్సిల్‌కి రాసిచ్చి సంతకం పెట్టాడు.