ఎండ నేలకి తగిన మొక్క

ఎండిపోయిన మొక్కని కుండీతో సహా తెచ్చి బల్ల మీద పడేసింది లియాన్. మట్టి చింది క్లైవ్ టీ కప్పులో పడింది.

"ఇది మూడోసారి, క్లైవ్. నువ్వు చెప్పినట్టే నాటాను, నువ్వు చెప్పినట్టే నీళ్ళు పోశాను. ఇంటి ముందు మొక్కల కంచె మొత్తం ఇలాగే తగలడింది."

క్లైవ్ ముందు కప్పులోకి చూసుకున్నాడు, తర్వాత మొక్క వంక చూశాడు. నీళ్ళు ఎక్కువయ్యాయేమో అన్నాడు. పోయినసారి తక్కువయ్యాయన్నాడు. అంతకు ముందు గాలి తప్పన్నాడు. బ్రోకెన్ హిల్ పట్నం దాటి ఎడారిలోకి ఇంత దూరం వచ్చాక మొక్కలమ్మే కొట్టు ఇదొక్కటే. అందుకని ఆయన నోట్లోంచి ఏదొస్తే అదే శాస్త్రం.

కుండీలకి రంగు చీటీలు కట్టి వరసల్లో పెడతాడు. వానలు పడే సముద్రపు ఒడ్డుకి నీలం, మంచు పడే కొండలకి తెలుపు, ఇక్కడి ఎండకి ఎరుపు. మొక్కల గురించి లియాన్‌కి ఓనమాలు తెలీవు గానీ, ఎర్ర చీటీ లేనిది ఏనాడూ కొనలేదు.

అమ్మకానికి పెట్టిన ఇంటి ముందు చచ్చిన కంచె కనిపిస్తే కొనేవాళ్ళు కారు కూడా దిగరని, ఆ వీధిలో నీళ్ళే రావనుకుంటారని ఇళ్ళమ్మే ఏజెంటు చెప్పి చెప్పి విసిగిపోయాడు. ఇల్లు అమ్ముడై అప్పు తీరితే గానీ బ్యాంకువాడు ఆమెని కదలనివ్వడు. సముద్రం అవతలి హోబార్ట్ ఆసుపత్రిలో ఉద్యోగం ఈ నెలాఖరు వరకే ఆమె కోసం ఆపి ఉంచారు. అది తప్పిపోతే ఇక ఇంతే, ఈ ఎర్ర దుమ్ము మింగుతూ ఇక్కడే ముసలిదైపోవాలి.

బండి వెనక చక్రాల ఇల్లు తగిలించుకుని దేశం తిరిగే పింఛను ముసలాళ్ళుంటారు. అలాంటి ఒకావిడ అవతలి వరసలో కుండీలు చూస్తోంది. పేరు గ్లెనిస్‌ట. మాటలు విని దగ్గరికొచ్చింది. చచ్చిన మొక్క మొదట్లో ఇంకా పచ్చగా మిగిలిన ఆకు తుంచి, వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"లిల్లీ పిల్లీ ఇది. ఒడ్డు వైపు అడవుల్లో పెద్ద చెట్ల నీడన తడి నేలలో పెరిగేది. దీన్ని ఈ ఎండలో పెట్టిన మహానుభావుడెవరమ్మా?"

ఎర్ర చీటీ ఉందని చూపించింది లియాన్.

"చీటీ ఎవరైనా కడతారు, అమ్మాయ్. ఆకు చూసుకోవాలి. నిగనిగలాడే పచ్చాకు ఇక్కడ ఒక్క వేసవి కూడా ఆగదు. ఇక్కడ బతికేవాటికి ఆకు చిన్నది, బూడిద రంగు, పైన సన్నటి నూగు. అదిగో, ఆ మూల ఉప్పుపొదలు చూడు, అలాగన్నమాట."

ఆ మూల ఉప్పుపొదలకి నీలం చీటీలున్నాయి.

మా ఆయన్ని బండిలోంచి దింపి తీసుకొస్తానని గ్లెనిస్ బయటికెళ్ళింది. లియాన్ క్లైవ్ వంక చూసింది. క్లైవ్ టీలో మట్టిని చెంచాతో తీస్తున్నాడు.

"చీటీలు మార్చి కట్టడం ఎవరి ఆలోచన?"

"నా ఒక్కడిదీ కాదు. అందరం పబ్బులో కూర్చుని అనుకున్నాం."

అందరూ అంటే ఎవరో నిలదీసింది. మాంసం కొట్టువాడు, బడి పంతులు, పెట్రోలు బంకు మొగుడూ పెళ్ళాలు, ఒక్కొక్కరినే కక్కాడు.

"పాస్టరు కూడానా?"

"మొదలెట్టిందే ఆయన." క్లైవ్ చెంచా పక్కన పెట్టాడు. "నా కాలి పుండుకి కట్టు కట్టేదెవరు? ఆ పాస్టరు ముసలాయనకి సూదులు వేసేదెవరు? ఊరు మొత్తానికి ఒక్క నర్సువి, తల్లీ. నువ్వెళితే ఈ కొంపకి ఇంకొకరు రారు. నర్సు కావాలని పేపర్లో వేయించారు కూడా, ఒక్కరంటే ఒక్కరు పలకలేదు."

"అందుకని నన్ను చంపుకు తింటారా?"

"నిన్నెవరు చంపారు? మొక్కల్నేగా."

కొట్టాలన్నంత కోపం వచ్చింది ఆమెకి. ఆ కాలి పుండుకి రేపు కట్టు మార్చాల్సింది కూడా తనేనన్నది గుర్తొచ్చి, చెయ్యి రాలేదు.

గ్లెనిస్ మొగుడి చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడిపించుకొచ్చింది. ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, ఇక్కడ స్టేషను వెనక వీధి చివర అమ్మకానికో ఇల్లుంది, అది ఎవరిదో తెలుసా అని అడిగింది. పొద్దున బయట నుంచే చూశారట. ముందు కంచె మొత్తం ఎండిపోయి ఉందట.

లియాన్ బెంచీ దగ్గరికి జరిగింది. "మాదే."

"నీదేనా? చక్కటి ఇల్లు. వరండా చూసే మనసు పడ్డాం."

"ముందు కంచె..."

"కంచెదేముంది? ఉద్యోగం చేసినంత కాలం పార్కుల్లో చెట్లు పెంచిన దాన్ని. అదంతా పీకేసి ఉప్పుపొదలు పెట్టుకుంటాను. అసలు అందుకే ఈ కొట్టుకొచ్చాం. ధర గురించి మీ ఏజెంటుతో మాట్లాడేశాం, దానికి పేచీ లేదు."

లియాన్‌కి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. చెప్పా పెట్టకుండా ఆవిడని కావలించుకుంది. ఆవిడ భుజం మీదుగా క్లైవ్ ముఖం కనపడింది, బల్ల మీది మొక్కలాగే ఉంది.

"విన్నావుగా, క్లైవ్. ఆవిడకి కావలసినన్ని ఉప్పుపొదలు బండికెక్కించు. ఆ నీలం చీటీలు నీ దగ్గరే ఉంచుకో."

క్లైవ్ ఆ మూలకి నడిచాడు. కళ్ళు తుడుచుకుని లియాన్ బెంచీ మీద గ్లెనిస్ మొగుడి పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళకి ఊపిరి లోపలికి దిగింది. దేశమంతా తిరిగి, మంచి మంచి ఊళ్ళన్నీ వదిలేసి, ఈ దుమ్ములోకి వచ్చి పడ్డారేమిటని నవ్వుతూ అడిగింది.

గ్లెనిస్ మొగుడి చొక్కా గుండీ సరిచేస్తూ చెప్పింది.

"ఈయనది గుండె జబ్బు, అమ్మాయ్. ఈ చుట్టుపక్కల ఎన్ని ఊళ్ళు చూశామో, ఇంటికొచ్చి చూసే నర్సు ఉన్నది ఇక్కడ మాత్రమేనట, ఆవిడ ఉంటుందంటేనే కొంటాం."