కొత్త మెలికల ముగ్గు

రేణుకమ్మ వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లి ముగ్గు వేస్తోంది. తమ్ముడు కురుమూర్తి గడప మీద కూర్చుని, గాలిలో వేలితో మెలికలు చూపిస్తున్నాడు. గద్వాలలో కొత్తగా వచ్చిన ముగ్గని చెప్పాడు. అక్కకు అక్షరం రాదు. ముగ్గంటే ప్రాణం.

కురుమూర్తి వీపు మీద లాఠీ వాత ఇంకా పచ్చిగానే ఉంది. జర్మనీ లడాయి మాకొద్దని నిన్న బడి పిల్లలు ఊరేగితే పోలీసులు చెదరగొట్టారు. రాత్రి పసుపు రాస్తూ రేణుకమ్మ, కొట్టినవాని చెయ్యి పడిపోవాలని తిట్టిపోసింది. ఎవరని అడిగితే తమ్ముడు చెప్పలేదు.

ఇకమీదట యుద్ధం వద్దని నోటితో అనరాదు, గోడ మీద రాయరాదు అని ఠాణా పెద్ద అమీన్ సాబ్ దండోరా వేయించాడు. నేల సంగతి ఆయనకు తట్టలేదు.

నీళ్లకు పోయే ఆడవాళ్లు ఆ ముగ్గు చూశారు. పొద్దెక్కేసరికి వీధి పొడుగునా ప్రతి వాకిట్లో 'యుద్ధం వద్దు'.

రాత్రి కాపలా ముగించి ఇంటికి పోబోతున్న జమేదారు దశరథాన్ని అమీన్ సాబ్ ఆపాడు. ఇది నేర్పినవాణ్ణి విరగదన్ని పట్టుకురావాలి, బడిలో పేరు కొట్టేయించాలి అన్నాడు.

దశరథం వీధి కింది కొస నుంచి మొదలుపెట్టాడు. భీమమ్మ వాకిట్లో అక్షరాల నడుమ చిలకలు కూడా ఉన్నాయి. లాఠీ ఎత్తి, ఎవరు నేర్పారని గద్దించాడు.

"ఎంకమ్మ వాకిట్ల చూసి ఏసిన అన్నా. నాది జర వంకర పోయింది."

ఎంకమ్మ జోగులమ్మను చూపింది. జోగులమ్మ వాకిట్లో కోడి గీరేస్తే 'వద్దు' ఒక్కటే మిగిలింది. అది నేరమవునో కాదో దశరథం చాలాసేపు ఆలోచించాడు. జోగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పై కొసన రేణుకమ్మ ఇంటివైపు చెయ్యి చాపింది.

లాఠీ మెల్లగా కిందికి దిగింది.

దశరథం తల వంచి ఆ ఇంట్లోకి వచ్చాడు. జొన్నల గుమ్మి వెనక కురుమూర్తి కాలివేళ్లు కనిపిస్తున్నాయి.

రేణుకమ్మ అంబలి గిన్నె తెచ్చి ముందు పెట్టింది.

"మా తమ్ముడే నేర్పిండు. ముగ్గు నేర్పితే గూడ కొడ్తరా? నిన్న ఆని వీపు మీద వాత ఏసింది ఎవరు? ముందు గది చెప్పు."

"ఊకో అక్కా," అంది గుమ్మి.

దశరథం పెళ్లాం పెట్టిన అంబలి ముట్టకుండా, కుడిచెయ్యి వెనక్కి దాచుకుని, తన ఇంట్లోంచి బయటికి నడిచాడు.