అక్క పేరు సరిపోయింది

ఆ రాత్రి ఆసుపత్రి కంప్యూటర్ గదిలో ఆమె ఒక్కతే ఉంది. వార్డుల నుంచి వచ్చే సందేశాలను సరిచూసి పంపడం ఆమె పని. రోగి బతికుంటే సందేశంలోని పేర్లను బతికున్నవాళ్ళ జాబితాలో, పోయి ఉంటే పోయినవాళ్ళ జాబితాలో వెతకాలని నియమం రాసింది కూడా ఆమే. రోగి పోయినా బతికుండే భార్య పేరును విడిగా వెతకాలని రాయడం మాత్రం మరిచిపోయింది.

ఇంతలో ఒక సందేశం వచ్చింది. రోగి, ఆరు నెలల క్రితం పోయిన ఆమె భర్త. భార్య పేరు దగ్గర, అంతకుముందే పోయిన ఆమె అక్క పేరుంది. పక్కన 'సరిపోయింది' అని పచ్చటి గుర్తు.

భయం కంటే ముందు ఆమెకు ఒళ్ళు మండింది. అక్క బతికున్నన్నాళ్ళూ ఆయనది ఒకటే పాట: "మీ అక్కని అడిగానని చెప్పవే."

వార్డుకు ఫోన్ చేసింది. ఎత్తిన నర్సు, "ఆయన భార్య పక్కనే కూర్చున్నారమ్మా. చెల్లిని అడిగానని చెప్పమంటున్నారు" అంది. వెనక ఎవరో దగ్గారు. ఆ దగ్గు ఆమె ఇరవయ్యేళ్ళు పక్కనే పడుకుని విన్నది.

అక్క పేరు చెరిపేసి ఆమె తన పేరు కొట్టింది. 'ఈ జాబితాలో లేదు. చేర్చాలా?' అని తెర అడిగింది.

అది ఏ జాబితానో ఆమెకు తెలుసు. ఫోన్లో అక్క కిసుక్కున నవ్వింది. ఆమె వేలు 'చేర్చు' మీదికి వెళ్ళింది.