ఎడమ చెవిలో గొణుగుడు

ఆ రాత్రి ఎమర్జెన్సీ వార్డులో ఉన్న డ్యూటీ డాక్టరమ్మ దగ్గరికి ఒక ముసలావిడను కోడలు నడిపించుకొచ్చింది. ఎడమ చెవిలో ఎవరో గొణుగుతున్నారని, కంటి మీద కునుకు లేదని ముసలావిడ చెప్పింది.

"అత్తయ్యకి స్కానింగుల్లో ఏమీ లేదన్నారండీ. ఇంట్లో అందరూ చాదస్తం కింద కొట్టిపారేస్తున్నారు," అంది కోడలు.

డాక్టరమ్మ కొట్టిపారేయలేదు. మెడలో రక్తనాళం సన్నబడితే రక్తం హోరు చెవికి వినిపిస్తుంది. ఆమె స్టెతస్కోపును ముసలావిడ చెవి వెనక ఆనించింది. సన్నగా హోరు వినిపించింది. హమ్మయ్య, జబ్బు దొరికింది అనుకుంది. కానీ ఆ హోరు నాడితో పాటు కొట్టుకోవాలి. ఇది మధ్యమధ్యలో ఆగుతోంది, మాట కోసం తడుముకుంటున్నట్టు.

ఉన్నట్టుండి ముసలావిడ ముఖం తేటపడింది. "ఆగిపోయింది," అంది మెల్లగా.

డాక్టరమ్మ స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టింది. వార్డంతా నిశ్శబ్దంగా ఉంది. తన ఎడమ చెవిలో మాత్రం గొణుగుడు ఆగలేదు. అరచేత్తో చెవి మూసుకుంది. అది ఇంకా దగ్గరైంది.

కోడలి చేయి పట్టుకుని బయల్దేరిన ముసలావిడ గుమ్మం దగ్గర ఆగి, జాలిగా వెనక్కి చూసింది.

"ఎడమ వైపు తిరిగి పడుకోకమ్మా," అంది. "మాటలు అర్థమైపోతాయి."