నాలుగో పాట

"ఒరేయ్ చర్చి కోయిలా! నీ పాటలు నువ్వే వినుకో!"

కారు ఆపకుండానే కిటికీలోంచి ఎవరో క్యాసెట్ విసిరారు. అది మెట్ల మీద పడి పగిలింది. మనవరాలు తొక్కుతుందేమోనని ఎర్నెస్టీన్ పరుగున వచ్చి ముక్కలు ఏరింది. వారం రోజులుగా ఆమెకు ఇదే పని.

కొడుకు లావెల్ ఆ మెట్ల మీదే పత్రిక పట్టుకుని కూర్చున్నాడు. 'జాలి లేదు' అతని మొదటి ర్యాప్ ఆల్బమ్. విడుదలైన కొత్తలో వాళ్ల ఊరు కాంప్టన్‌లో ఏ కారులో చూసినా అదే మోగింది. అందులోనూ నాలుగో పాటంటే కుర్రాళ్లు పడి చచ్చారు.

రెండేళ్ల కిందట, ఎర్నెస్టీన్ పనిచేసే లాండ్రీ వెనక సందులో, పికెట్ అనే మత్తుమందుల వ్యాపారిని ఎవరో కాల్చి చంపారు. ఎవరన్నది తేలలేదు. ఈ మధ్య డిటెక్టివ్‌లు ఆ కేసును మళ్లీ తవ్వడం మొదలుపెట్టారు. వీధంతా దాని గురించే మాట్లాడుకుంటున్న రోజుల్లో లావెల్ ఈ పాట రాశాడు. చంపింది నేనే అంటాడు అందులో.

తర్వాత, వారం కిందట, పత్రికలో ఈ సమీక్ష వచ్చింది. అప్పట్నుంచే క్యాసెట్లు విసరడం మొదలైంది.

"పైకి చదువు, నేనూ వింటాను," అంది ఎర్నెస్టీన్.

లావెల్ చదివాడు. "'ఈ కుర్రాడు చీమను కూడా చంపి ఉండడు. పికెట్ చనిపోయిన సాయంత్రం ఇతను చర్చిలో పాటలు సాధన చేస్తున్నాడని పాస్టరే చెప్పారు. అయినా ఈ పాటలోలా తుపాకీని రెండు చేతులతో పట్టుకుని, వణుకుతూ, ప్రార్థన చేసుకుని కాల్చే రౌడీ ఎక్కడైనా ఉంటాడా?'"

"బాగానే రాశాడు. అవును, ఉత్త పాటేనని ఒప్పేసుకో. నాలుగు రోజులు నవ్వుతారు, ఊరుకుంటారు."

"ఇంకా ఉందమ్మా. 'ఇతను ఇంకెవరి కథనో దొంగిలించాడు. అదెవరిదో కనిపెట్టి తీరతాం.'"

ఆమె చేతిలోని ముక్కలు కింద పడ్డాయి. లావెల్ పత్రిక మడిచి లేచాడు.

"రేపు రేడియో వాళ్లు రమ్మన్నారు. వెళ్తాను."

"నాన్నా, ఒద్దురా."

"దొంగ అన్నాడమ్మా నన్ను. ఊరుకోనా?"

మర్నాడు మధ్యాహ్నం వంటింట్లో రేడియో పెట్టుకుని వింది. ఫోన్ చేసినవాళ్లంతా కొడుకును ఆడుకుంటున్నారు.

"అన్నా, ప్రార్థన అయ్యాక తుపాకీకి బాప్తిస్మం కూడా ఇచ్చావా?"

కార్యక్రమం నడిపే అతను పగలబడి నవ్వాడు. లావెల్ ఆ నవ్వు ఆగేదాకా ఆగాడు.

"పికెట్ అమ్మిన సరుకుతోనే మా చెల్లి జానెట్ పోయింది. అప్పటికి దాని బిడ్డకు ఇంకా పళ్లు కూడా రాలేదు. ఆ రోజు సాధన మధ్యలో బయటికొచ్చాను. వాణ్ని కాల్చాను. వణికాను కూడా. తుపాకీ ఏ కాలువలో పడేశానో చెప్తాను, రాసుకోండి."

పొయ్యి మీద ఆకుకూర మాడిపోతున్నా ఎర్నెస్టీన్ కదల్లేదు.

రేడియో స్టేషన్ గుమ్మం దిగకముందే లావెల్ చేతులకు బేడీలు పడ్డాయి. తుపాకీ అతను చెప్పిన చోటే దొరికింది. ఆ వారంలో కొట్లలో 'జాలి లేదు' ఒక్కటీ మిగల్లేదు. క్యాసెట్లు విసిరినవాళ్లే లాండ్రీ గోడ మీద అతని బొమ్మ వేశారు. ఆ విమర్శకుడు మళ్లీ రాశాడు: 'పొరబడ్డాను. ఇంత నిజమైన ఆల్బమ్ నేను వినలేదు. ఆ వణుకు నటన కాదు.'

చర్చిలో మాత్రం, చప్పట్ల కోసం బతుకు తగలేసుకున్నాడని చెవులు కొరుక్కున్నారు.

వీధిలో ఒకడు ఎదురొచ్చి, "అమ్మా, మీవాడు సింహం!" అన్నాడు. ఎర్నెస్టీన్ వాడి చెంప పగలగొట్టింది. ఆ వెంటనే వాడి చొక్కా పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

జైలులో తల్లీ కొడుకుల మధ్య అద్దం. చెరో వైపూ ఫోను.

"ముప్పై ఏళ్లు వేస్తారట్రా," అంది.

"వెయ్యనీ."

"జడ్జి దగ్గరికి వెళ్తాను. జరిగింది చెప్పేస్తాను."

"ఎవరు నమ్ముతారమ్మా? కొడుకు కోసం తల్లి అబద్ధాలాడుతోందంటారు."

"నమ్మేదాకా చెప్తాను."

"చెప్పకు. ఇప్పుడిప్పుడే జనం నన్ను నమ్మారు. అది చెడగొట్టకు." కొంచెం నవ్వాడు. "పాప ఎలా ఉంది? జడలు వేయించుకుంటోందా?"

"నీ పేరే కలవరిస్తోంది."

"వచ్చే ఏడు బడిలో వెయ్యాలి. నువ్వే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లు. దానికి తల్లివైనా, ఎవరైనా నువ్వే."

ఆమె అద్దానికి అరచెయ్యి ఆనించింది. అవతల అతనూ ఆనించాడు. గార్డు వచ్చి అతని భుజం తట్టాడు.

"అమ్మా, ఆ పాట ఇంకెప్పుడూ వినకు," అని ఫోను పెట్టేశాడు.

బయట బస్సు కోసం నిలబడింది. సిగ్నల్ దగ్గర ఓ కారు ఆగింది. అద్దాలన్నీ దించి నాలుగో పాట పెద్దగా పెట్టుకుని, కుర్రాళ్లు ప్రతి మాటా కంఠతా అరుస్తున్నారు. పక్కన నిలబడిన ముసలమ్మను ఎవరూ పట్టించుకోలేదు. పచ్చలైటు పడింది. కారు వెళ్లిపోయింది.

పికెట్‌ను కాల్చింది ఆమే.